వృక్షముల ఊపిరిని పరీక్షించిన వైద్యుడు: యాన్ ఇంగెన్‌హౌస్

రాత్రివేళ చెట్టు క్రింద పరుండరాదని మన ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పుచుందురు. రాత్రియందు చెట్ల మొదళ్ళకు దూరముగా నుండవలెనని మనుస్మృతి నాల్గవ అధ్యాయమున విధించినది. కారణము మాత్రము చెప్పలేదు. నేటి చదువరులు ఆ కారణమును తామే పూరించి, రాత్రులందు వృక్షములు బొగ్గుపులుసు గాలిని విడుచును గనుక ఆ నీడ హానికరమని వివరింతురు. మరికొందరు దీనికొక మినహాయింపును చేర్చి, రావిచెట్టు మాత్రము రేయింబవళ్ళు ప్రాణవాయువునే విడుచునని నమ్మకముగా పలుకుదురు. ఈ రెండు మాటలలో సత్యమెంత, ఊహ యెంత అని విచారింపదలచినవారు మొట్టమొదట ఒక డచ్చి వైద్యుని చరిత్రను తెలిసికొనవలసియున్నది. పగటివేళ ఆకు చేయు పని వేరు, రాత్రివేళ చేయు పని వేరు అని ప్రయోగపూర్వకముగా లోకమునకు చూపినవాడు ఆయనయే. ఆయన పేరు యాన్ ఇంగెన్‌హౌస్. జీవితమంతయు వైద్యవృత్తిలో గడపిన ఆ మహాశయుడు ఈ పరిశోధనకై ముఖ్యముగా వెచ్చించినది ఒక్క వేసవికాలమే. మన పాఠ్యపుస్తకములలో ఆయనకు ఒక్క వాక్యమే దక్కుచున్నది. ఆ వాక్యము వెనుకనున్న జీవితము ఎరుగదగినది.

ఇంగెన్‌హౌస్ 1730వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన హాలెండు దేశమునందలి బ్రెడా పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్ళ వ్యాపారి. ఔషధముల అంగడి కూడ నడుపుచుండెను. ఆ కుటుంబము కేథలిక్ మతమునకు చెందినది. ప్రొటెస్టెంటుల ఏలుబడిలోనున్న ఆనాటి హాలెండులో కేథలిక్కులకు ఉన్నతస్థానములు అందుబాటులో ఉండెడివి కావు. అందుచే ఆయన సరిహద్దు దాటి కేథలిక్కుల విశ్వవిద్యాలయమగు లూవెన్‌కు పోయి, 1753లో వైద్యపట్టమును పొందెను. అటుపిమ్మట లైడెన్, పారిస్, ఎడిన్‌బరో నగరములలో చదువు కొనసాగించి, స్వగ్రామమునకు మరలివచ్చి వైద్యము చేయుచుండెను. ఆయన బాల్యమున, 1740 ప్రాంతపు యుద్ధకాలములో, ఆంగ్లసైన్యము బ్రెడా సమీపమున విడిసియుండగా ఆ సేనకు వైద్యాధికారియగు జాన్ ప్రింగిల్ ఈ కుటుంబముతో స్నేహము చేసియుండెను. బాలుని బుద్ధికుశలతను ఆనాడే గుర్తించిన ప్రింగిల్ తరువాతి కాలమున లండనులో గొప్ప వైద్యుడై, రాయల్ సొసైటీకి అధ్యక్షుడు కూడ అయ్యెను. 1764లో తండ్రి మరణింపగా, ఊరిలో తనను నిలుపు బంధమేదియు లేక ఇంగెన్‌హౌస్ లండను చేరెను. ఆయన భాగ్యమంతయు ఆ స్నేహమునుండియే ప్రారంభమైనదనవచ్చును.

ఆ దినములలో ఐరోపా ఖండమును గడగడలాడించుచుండిన వ్యాధి మశూచికము. రాజభవనమని గాని, పూరిగుడిసె యని గాని దానికి భేదము లేదు. తెలిసిన ఉపాయము ఒక్కటే. వ్యాధి తేలికగా సోకినవాని పొక్కుల రసిని తీసి, ఆరోగ్యవంతుని చర్మమున చిన్న గాటుపెట్టి ఎక్కించెడివారు. అట్లు తెప్పించిన వ్యాధి సామాన్యముగా స్వల్పముగా వచ్చి పోవును. పిదప మరల సోకదు. ఈ పద్ధతి ఆసియానుండి ఐరోపాకు ప్రాకినది. వంగదేశమున కొందరు బ్రాహ్మణులు ఊరూర తిరుగుచు ఈ టీకాలను ఏ నియమములతో వేయుచుండిరో కంపెనీ ఉద్యోగియు, వైద్యుడునగు హోల్వెల్ 1767లో లండను వైద్యులకు సవిస్తరముగా వ్రాసి తెలిపెను. మనమిప్పుడు వాడుచున్న టీకా యను పదమే ఈ దేశపు పదము. అయితే ఇది నిరపాయమైన చికిత్స కాదు. ఎక్కించినవారిలో నూటికి ఒకరో ఇద్దరో మరణించుట గలదు. వారినుండి ఇతరులకు సోకు భయమును కలదు. సహజముగా వచ్చిన వ్యాధి నూటికి ఇరువదిమందిని మించి బలిగొనుచుండగా, వైద్యుడు ఈ చిన్న ప్రమాదమును చేతులార కొని తెచ్చుకొనవలసి యుండెను. ఇంగెన్‌హౌస్ లండనులో ఈ విద్యను శ్రద్ధతో నేర్చి, హెర్ట్‌ఫర్డ్ మండలమున మశూచికము ప్రబలినపుడు డిమ్స్‌డేల్ అను ప్రసిద్ధ వైద్యునితో కలసి గ్రామీణులకు వందలకొలదిగా టీకాలు వేసెను.

ఇంతలో వియన్నా రాజభవనమునుండి పిలుపు వచ్చినది. ఆస్ట్రియా మహారాణి మేరియా థెరీసా ఇంటిలో మశూచికము చేయని ఘోరము లేదు. 1761లో ఒక కుమారుడు, 1762లో ఒక కుమార్తె, 1763లో పెద్దకోడలు ఆ వ్యాధికే ఆహుతియైరి. 1767లో కుమారుని రెండవ భార్యయు, మరియొక కుమార్తెయు గతించిరి. మహారాణి తానును మంచముపట్టి చావు తప్పి బయటపడెను. ఇంకొక కుమార్తె ముఖము గుంటలుపడి వికృతమయ్యెను. ఆమె ఆస్థాన వైద్యులు అంతవరకు టీకాలను వ్యతిరేకించినవారే. కన్నకడుపు శోకము ముందు వారి వాదము నిలువలేదు. ఆమె ఇంగ్లండు రాజును అర్థింపగా, ప్రింగిల్ సూచనపై 1768లో ఇంగెన్‌హౌస్ వియన్నాకు పయనమయ్యెను.

అప్పుడాయన ఒక పరదేశి. ఆస్థానమున తన్ను ఎరిగినవారు లేరు. వైద్యులు అనుమానముతో చూచుచుండిరి. రాజకుమారులలో ఒకరు మరణించినచో ఆయన వృత్తియే గాక టీకాల పద్ధతియే ఆ సామ్రాజ్యమున ఒక తరమువరకు అడుగంటియుండెడిది. ఆయన తొందరపడక, మొదట నగర పరిసరములందలి పేదపిల్లలకు టీకాలు వేసి ఫలితము చూపెను. ధనికుల భద్రతకై పేదవారి బిడ్డలను ముందుగా పరీక్షకు పెట్టుట మన మనస్సునకు కష్టము కలిగించును; ఆ కాలమున దానిని తప్పుగా ఎంచినవారు అరుదు. ఆ బిడ్డలు కూడ మశూచికమునుండి రక్షణ పొందిరన్నది సత్యమే. సెప్టెంబరులో ఫెర్డినాండ్, మాక్సిమిలియన్ అను ఇద్దరు రాజకుమారులకును, మహారాణి మనుమరాలికిని టీకాలు వేయబడెను. ముగ్గురును క్షేమముగా లేచిరి. మహారాణి సంతోషమునకు మేర లేదు. ఆయనను ఆస్థానవైద్యునిగా నియమించి, జీవితాంతము సంవత్సరమునకు 5000 గిల్డర్ల వేతనమును ఏర్పాటుచేసెను. పిదప టీకాలు వేయించుకొన్న పిల్లలకు షోన్‌బ్రున్ భవనమున విందుచేసి, రాజకుటుంబీకులే వడ్డించిరట.

ఆ వేతనము ఆయనకు తీరికను ఇచ్చినది. తీరిక కొందరిని సోమరులను చేయును. ఇంగెన్‌హౌస్‌ను అది పరిశోధకునిగా మార్చినది. 1769లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. విద్యుత్తుపై ప్రయోగములు చేసెను. ఇటలీ సముద్రతీరమున మనుష్యునికి విద్యుదాఘాతము కలిగించు చేపను స్వయముగా పట్టి పరీక్షించెను. మైనము పూసిన లోహపు కడ్డీలతో ఏ లోహము ఎంత త్వరగా వేడిని ప్రసరింపజేయునో తెలిసికొనెను. అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయనకు ఆప్తమిత్రుడు; వారి ఉత్తరప్రత్యుత్తరములు దశాబ్దములు సాగినవి. 1775లో వృక్షశాస్త్రజ్ఞుడగు జ్యాకాం సోదరి అగాథాను వివాహమాడెను. వారికి సంతానము లేదు.

ఇచట కథను కొంత వెనుకకు త్రిప్పి జోసెఫ్ ప్రీస్ట్లీని తలచుకొనవలెను. ప్రీస్ట్లీ మతాచార్యుడు, వాయువుల పరిశోధన ఆయన వ్యసనము. మూతవేసిన గాజుపాత్రలో కొవ్వొత్తి వెలిగించిన కొంతసేపటికి ఆరిపోవును; ఆ గాలిలో ఎలుకను ఉంచిన చచ్చును. లోకమున ఇన్ని దీపములు, ఇన్ని పొయ్యిలు, ఇన్ని ప్రాణులు అనుదినము గాలిని చెరచుచుండగా, సృష్టి యింకను ఎట్లు బ్రతికియున్నది? ఆయనను వేధించిన ప్రశ్న ఇది. 1771 ఆగస్టు 17వ తేదీన ఆయన కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా కొమ్మను ఉంచెను. పది దినములైన పిదప, 27వ తేదీన, అదే గాలిలో మరొక కొవ్వొత్తి చక్కగా వెలిగినది. చెడిన గాలిని మొక్క బాగుచేయుచున్నదన్న మాట. ఫ్రాంక్లిన్ ఈ వార్త విని, ఇండ్ల దాపున చెట్లను కొట్టివేయు వెర్రి ఇకనైన తగ్గునేమోయని ప్రీస్ట్లీకి వ్రాసెను. ఆ ఆశ నేటికిని నెరవేరలేదని వేరుగా చెప్పనక్కరలేదు. 1773లో రాయల్ సొసైటీ ప్రీస్ట్లీకి కోప్లీ పతకము నొసగినపుడు అధ్యక్షోపన్యాసము చేసినవాడు ఇంగెన్‌హౌస్ మిత్రుడగు ప్రింగిలే. ఏ మొక్కయు నిరుపయోగము గాదనియు, ఎక్కడో అడవిలోని చెట్టు కూడ మనము పీల్చు గాలిని శుభ్రపరచుచున్నదనియు ఆయన ప్రస్తుతించెను. ఆ ఉపన్యాసమే ఇంగెన్‌హౌస్ మనస్సున బీజముగా నాటుకొన్నది.

అయితే ఒక చిక్కు వచ్చిపడినది. ప్రీస్ట్లీ ప్రయోగమును ఇతరులు చేసిచూడగా కొందరికి ఫలించెను, కొందరికి వికటించెను. స్వీడన్ దేశపు మహారసాయనికుడు షేలే మొక్కలు గాలిని చెరచునేగాని బాగుచేయవని కనుగొనెను. ప్రీస్ట్లీయే 1778లో మరల ప్రయత్నింపగా ఒకసారి గాలి బాగుపడెను, మరొకసారి మునుపటికంటె పాడయ్యెను. ఎవరును అబద్ధమాడుట లేదు. ఎవరి చేతిలోనో ఏదో ఒకటి మారుచున్నది. ఆ ఒకటి ఏదియో తెలియదు. గాజుపాత్రను కిటికీ దగ్గర పెట్టితిమా, గది మూలను పెట్టితిమా అన్నది వ్రాసిపెట్టుకొనదగిన విషయమని ఎవరికిని తోచలేదు.

1779వ సంవత్సరము వేసవిలో ఇంగెన్‌హౌస్ ఇంగ్లండులో నుండెను. అప్పటికాయన వయస్సు నలువది యెనిమిది. లండనుకు కొన్ని మైళ్ళ దూరముననున్న సౌతాల్ గ్రామమున ఒక తోటయిల్లు అద్దెకు తీసికొని, జూన్ మొదలు సెప్టెంబరు వరకు నగరపు సందడిని వదలి మొక్కలతో కాపురముచేసెను. మూడు నెలలలో ఆయన చేసిన ప్రయోగములు 500లకు పైబడినవి. అనగా దినమునకు ఐదారు. సూర్యోదయమునకు ముందే లేచి, అర్ధరాత్రివరకు మేల్కొని, ఆయా గంటలలో గాలిని కొలిచిననేగాని ఆ సంఖ్య పొసగదు.

ఆయన పద్ధతి సరళమైనది. గాజుకూజాలో బావినీరు నింపి, అందులో ఆకులు ముంచి, కూజాను తలక్రిందులుగా నీటిపళ్ళెమున నిలిపి ఎండలో పెట్టెను. కొంతసేపటికి ఆకులపై సన్నని బుడగలు ముత్యములవలె పుట్టి, పెరిగి, విడివడి పైకి తేలి, కూజా అడుగుభాగమున గాలిగా పోగుపడెను. జెనీవా నగరవాసి బోనే యను పండితుడు 1754లోనే ఈ బుడగలను చూచియుండెను గాని, ఆకులకు అంటుకొన్న మామూలు గాలియే ఎండవేడికి ఇట్లు వెలువడుచున్నదని తలచి విడిచిపెట్టెను. ఇంగెన్‌హౌస్ అంతటితో ఊరుకొనలేదు. ఆ గాలిని వేరుగా తీసి, అందులో నిప్పుకొన మాత్రము మిగిలిన పుల్లను ఉంచగా అది భగ్గున మండెను. అది ప్రీస్ట్లీ 1774లో కనుగొన్న ఉత్తమవాయువు, లవోయిజే ఆమ్లజని యని పేరిడినది, మనము ప్రాణవాయువనుచున్నది. గాలి మంచిచెడ్డలను కొలుచుటకు ఇటలీ దేశీయుడగు ఫొంటానా నిర్మించిన సాధనమును ఆయన వాడెను. పరీక్షింపవలసిన గాలితో నత్రజని సంబంధమగు ఒక వాయువును నీటిపైన కలిపినచో, ఆమ్లజని ఎంత ఎక్కువగా నుండిన ఆ మిశ్రమము అంత ఎక్కువగా కుంచించుకొనును. ఆ కుంచించుకొన్న మేరను గీతలపై చదువుకొనవచ్చును. ఈ విధముగా తన కంటికి తోచినదానిని గాక, కొలతకు అందినదానినే ఆయన నమ్మెను.

అదే కూజాను చీకటిలో ఉంచగా బుడగలు ఆగిపోయెను. పోగుపడిన కొద్దిపాటి గాలిలో దీపము ఆరిపోయెను. మరల ఎండకు తెచ్చిన మరల బుడగలు. అయితే కారణము వెలుతురా, వేడియా? ఎండలో రెండును కలవు గదా. ఆయన ఆకులను చీకటిలోనే నిప్పుసెగకు వెచ్చగా ఉంచి చూచెను. మంచి గాలి రాలేదు. వెలుతురే కారణమని తేలినది. మొక్క లేని గాలిని ఎంత ఎండబెట్టినను బాగుపడలేదు గనుక సూర్యుడొక్కడే ఈ పని చేయుట లేదనియు తేలినది. పిదప మొక్కలోని ఏ భాగము ఈ కార్యమును చేయుచున్నదని విభజించి చూచెను. ఆకులు, పచ్చని కాడలు మాత్రమే. వేళ్ళు, పువ్వులు, పండ్లు పగలు గాని రాత్రి గాని గాలిని చెరచునేగాని బాగుచేయవు. లేత ఆకులకంటె ముదిరిన ఆకులు ఎక్కువ పనిచేయును. ఉదయము సూర్యుడు కొంత పైకి వచ్చినతరువాత పని ప్రారంభమగును. ఆకాశము నిర్మలముగా నున్న కొలది చురుకగును. సాయంకాలమునకు మందగించి సూర్యాస్తమయముతో నిలిచిపోవును. ఎత్తయిన కట్టడముల నీడలో, దట్టమైన చెట్ల క్రింద పెరుగు మొక్కలు పట్టపగలు కూడ గాలిని బాగుచేయజాలవు. ఇంకొకటి గమనింపదగినది: విషపు మొక్కలు, దుర్గంధపు మొక్కలు సైతము ఈ సేవలో ఔషధీమొక్కలకు తీసిపోవని ఆయన కనుగొనెను. మనము చేదని, విషమని పెరికివేయు మొక్క కూడ మన ఊపిరికి తన వంతు సమర్పించుచునే యున్నది.

ఈ ఫలితములన్నిటిని ఆయన 1779 శరదృతువుననే గ్రంథముగా లండనులో ప్రకటించెను. ఎండలో మొక్కలకు గాలిని శుద్ధిచేయు మహాశక్తి గలదనియు, నీడయందును రాత్రియందును దానిని చెరచు గుణము గలదనియు గ్రంథనామముననే చెప్పియుంచెను. ప్రీస్ట్లీ, షేలేల వివాదము దీనితో తీరినది. ఇద్దరును నిజమునే చూచిరి. ఒకరు వెలుతురులో, ఒకరు చీకటిలో.

ఈ వ్యాసకర్త కళాశాలలో చదువుకొను దినములలో చెరువునుండి తెచ్చిన హైడ్రిల్లా నాచును గరాటు క్రింద పెట్టి, పైన పరీక్షనాళికను బోర్లించి, ఒక్కొక్క బుడగ లేచుటను గంటలతరబడి లెక్కించిన జ్ఞాపకము. కిటికీతలుపు మూసిన బుడగలు నిలిచెడివి. తెరచిన మరల లేచెడివి. అది సౌతాల్ తోటలోని కూజాకు మనుమరాలని అప్పుడు తెలియదు. జగదీశచంద్ర బోసు 1924లో కిరణజన్య సంయోగక్రియపై ప్రచురించిన గ్రంథమునందును ఈ హైడ్రిల్లాయే కథానాయిక. అది విడుచు వాయువును తనంతట తానే నమోదుచేయు యంత్రములను ఆయన కల్పించెను.

ఇక రాత్రిని గూర్చిన భయము. దీనికి ఇంగెన్‌హౌస్ కొంతవరకు బాధ్యుడే. రాత్రివేళ మూసిన గదులలో మొక్కలను, ముఖ్యముగా పువ్వులను, ఉంచుకొనుట మంచిది కాదని ఆయన హెచ్చరించెను. ఆ మాట ఐరోపాయంతట వ్యాపించి, నేటికిని మన నోట పలుకుచున్నది. అయితే ఆయన దానితోపాటే చెప్పిన మరియొక మాటను లోకము మరచినది. మొక్క ఒక రాత్రియంతయు చెరచు గాలి, అదే మొక్క నిర్మలమైన ఎండలో రెండు గంటలలో ఇచ్చు మంచిగాలిలో నూరవవంతు కూడ ఉండదని ఆయన అంచనా వేసెను. భయపెట్టు మాటకు కాళ్ళు త్వరగా వచ్చును, కొలతకు రావు.

ఆయన కాలమునకు తెలియనిదొకటి కలదు. పగలొక పని, రాత్రి దానికి విరుద్ధమైన పని అని ఆయన తలచెను. నిజమునకు మొక్క కూడ మనవలెనే రేయింబవళ్ళు శ్వాసించుచునే యుండును. ఆమ్లజనిని తీసికొని బొగ్గుపులుసు గాలిని విడుచుచునే యుండును. పగటివేళ ఆకులోని పత్రహరితము వెలుతురును పట్టి, బొగ్గుపులుసు గాలిని, నీటిని కలిపి చక్కెరగా మార్చుచు, ఆమ్లజనిని వెలువరించును. ఈ రెండవ పని మొదటిదానికంటె ఎన్నియో రెట్లు అధికమగుటచే పగలు శ్వాసక్రియ కనబడకుండ పోవును. చీకటిపడి రెండవ పని ఆగగానే మొదటిది బయటపడును. అంతియేగాని రాత్రియందు మొక్క స్వభావము మారదు. దాని రాత్రిశ్వాస కూడ స్వల్పమే. ఒక మనుష్యుడు దినమునకు విడుచు బొగ్గుపులుసు గాలి తూకమునకు ఇంచుమించు ఒక కిలోగ్రాము. గదిలోని పూలకుండీ విడుచునది దానిముందు లెక్కకు రాదు. కుండీకి భయపడువాడు ప్రక్కన నిద్రించు తన సోదరునికి ఎన్నియో రెట్లు ఎక్కువ భయపడవలసియుండును! ఆరుబయట చెట్టు క్రింద గాలి కదలుచునే యుండును గనుక ఆ మాత్రపు సందేహమును లేదు. రాత్రి చెట్టు మొదలు విడువవలెనను మన పూర్వుల విధికి పాములు, పురుగులు, విరిగిపడు కొమ్మలు చాలును. దానికి వాయుశాస్త్రమును అరువు తెచ్చుకొననక్కరలేదు.

రావిచెట్టు మాట కూడ ఇచటనే చెప్పుట మేలు. ఆకునుండి వెలువడు ఆమ్లజని నీరు విడిపోవుటచే పుట్టుచున్నదని 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు బరువైన ఆమ్లజని పరమాణువులను గుర్తుగా వాడి నిరూపించిరి. నీటిని విడగొట్టునది వెలుతురు. వెలుతురు లేనిచో ఏ వృక్షమును, అది ఎంత పవిత్రమైనదైనను, ఆమ్లజనిని విడువజాలదు. నాగజెముడు, అనాస, రణపాల మున్నగు కొన్ని మొక్కలు రాత్రివేళ ఆకురంధ్రములు తెరచి బొగ్గుపులుసు గాలిని లోనికి తీసికొని పులుసురూపమున దాచుకొని, మరునాటి వెలుతురులో వాడుకొనును. అవియును రాత్రి ఆమ్లజనిని ఇచ్చునవి కావు. రణపాల ఆకు ఉదయము పుల్లగా నుండి, మధ్యాహ్నమునకు చప్పబడుట నమిలి కనిపెట్టినవాడు బెంజమిన్ హేయిన్. ఆయన మన సామర్లకోటలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసినవాడు. ఆ పరిశీలన 1815లో లండనులో అచ్చయ్యెను. రావిచెట్టును మనము పూజించుటకు కారణములు వేరుగా గలవు. జరుగని పనిని దానికి అంటగట్టి గౌరవము పెంచనక్కరలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

మరల ఇంగెన్‌హౌస్ కడకు వత్తము. గ్రంథము వెలువడిన పిదప ఆయనకు మనశ్శాంతి దక్కలేదు. ప్రీస్ట్లీ కూడ ఇంచుమించు అదే కాలమున వెలుతురు ప్రభావమును గుర్తించియుండుటచే, ఎవరు ముందు అను ప్రశ్న లేచినది. 1782లో జెనీవా మతాచార్యుడగు సెనెబియే పెద్ద గ్రంథమును వెలువరించి, నీటిలో కరగియున్న బొగ్గుపులుసు గాలి లేనిచో ఆకు ఆమ్లజనిని ఈయదని చూపెను. కాచి చల్లార్చిన నీటిలో బుడగలు రాకపోవుటకు కారణము ఇదియే. ఇది గొప్ప సత్యము. ఇంగెన్‌హౌస్ దానిని వెంటనే అంగీకరింపలేదు. పైగా తన యశస్సును ఇతరులు అపహరించుచున్నారని నొచ్చుకొని, సెనెబియేతో దీర్ఘకాలము వాదులాడెను. ప్రకృతి ముందు అంత వినయముగా మెలగినవాడు తోటివారి ముందు అట్లు మెలగలేకపోయెను. మహనీయుల జీవితములలో ఇట్టి చోటులను దాచుట మనకు అలవాటు. దాచిన వారు మనకు దూరమగుదురు. ఆయన తన తప్పును దిద్దుకొనుటకు పదునాలుగేండ్లు పట్టినది. 1796లో మొక్కల ఆహారమును గూర్చి వ్రాసిన వ్యాసమున, ఫ్లోజిస్టాన్ అను పాత దహనతత్త్వపు భాషను విడిచి లవోయిజే పరిభాషను గ్రహించి, చెట్టు తన దేహమునకు కావలసిన బొగ్గును గాలిలోని బొగ్గుపులుసు గాలినుండియే పొందుచున్నదని ఒప్పుకొనెను. గాలిలో ఆ వాయువు పదివేలలో మూడుపాళ్ళు కూడ ఉండని కాలమది. నేడది నాలుగుపాళ్ళు దాటినది. అంత పలుచని వాయువునుండి మహావృక్షములు తమ మ్రాను కట్టుకొనుచున్నవన్న ఊహకు ధైర్యము కావలెను. దీనిని తూకములతో స్థాపించినవాడు మరియొక జెనీవా పండితుడు సొస్యూర్. ఆయన గ్రంథము 1804లో వెలువడెను.

ఇంగెన్‌హౌస్ 1788లో వియన్నా విడిచి బయలుదేరెను. త్వరలో తిరిగివత్తునని తలచెను గాని అది జరుగలేదు. 1789 జూలైలో పారిస్ నగరమున విప్లవము చెలరేగినపుడు ఆయన అక్కడనే యుండెను. అటనుండి హాలెండునకు, పిదప ఇంగ్లండునకు చేరెను. యుద్ధములు దారులు మూసివేసెను. వృద్ధుడగు భర్త ఒక దేశమున, భార్య మరియొక దేశమున. ఇరువురును మరల కలిసికొనలేదు.

చివరి దినములలో ఆయన మరియొక పొరపాటు చేసెను. 1798లో జెన్నర్ తన గోమశూచి టీకాను ప్రకటించినపుడు, జీవితమంతయు పాతపద్ధతిలో టీకాలు వేసి వేలమందిని రక్షించిన ఈ వృద్ధవైద్యుడు దానిని నమ్మలేదు. ఒకసారి గోమశూచి సోకిన ఒక రైతునకు పిదప మశూచికము వచ్చిన ఉదంతమును సేకరించి, జెన్నర్‌కు ఉత్తరము వ్రాసి హెచ్చరించెను. జెన్నర్ మర్యాదగా బదులిచ్చెను గాని వెనుదీయలేదు. ఆ టీకా వలననే 1980 నాటికి మశూచికము భూమిమీద లేకుండపోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటింపగలిగెను. తన ఆయుష్షంతయు ఏ శత్రువుతో పోరాడెనో, దానిని సమూలముగా తుడిచివేయు ఆయుధము తన కన్నులయెదుటకు వచ్చినపుడు ఆయన గుర్తింపలేకపోయెను.

ఆ కాలమున ఆయనకు ఆశ్రయమిచ్చినది విల్ట్‌షైర్ మండలమున కాన్ పట్టణమునకు చేరువనున్న బోవుడ్ భవనము. దాని యజమాని లాన్స్‌డౌన్ ప్రభువు విద్వాంసుల మిత్రుడు. ఈ ప్రభువు కొలువులోనే పూర్వము ప్రీస్ట్లీ గ్రంథాలయాధికారిగా నుండెను. 1774 ఆగస్టు 1వ తేదీన ఎఱ్ఱని పాదరసభస్మముపై భూతద్దముతో సూర్యకిరణములను కేంద్రీకరించి ఆయన మొదటిసారి ఆమ్లజనిని వెలువరించినది ఆ భవనపు గదిలోనే. అప్పటికి ప్రీస్ట్లీ అచట లేడు. 1791లో బర్మింగ్‌హామ్ అల్లరిమూక ఆయన యింటిని, పరిశోధనశాలను తగులబెట్టగా ఆయన దేశము విడిచి 1794లో అమెరికాకు పోయియుండెను. ఆయన విడిచిన ఆ భవనముననే ఇంగెన్‌హౌస్ 1799 సెప్టెంబరు 7వ తేదీన కన్నుమూసెను. కాన్ పట్టణపు దేవాలయమున ఆయనను ఖననము చేసిరి. అగాథా మరుసటి సంవత్సరమున వియన్నాలో మరణించెను.